ఇరువైపుల పట్టు

“గాజుసామాను కడిగే ఉద్యోగానికి ఆదివారం కూడానా?” అన్నాడు భర్త, ఊడిన గుండీనీ చొక్కానీ ఆమె చేతిలో పెడుతూ.

ఆమె గుండీ కుట్టింది. కుడుతూనే పొయ్యి మీది కూర కలిపింది. ఒంటిగంటకు ఆడబిడ్డ, ఆమె భర్త భోజనానికి వస్తారు. ల్యాబ్‌లో పని నాలుగింటికి గానీ తెమలదు. ఆ సంగతి తెలిసీ “ఒంటిగంటకల్లా వచ్చేస్తాను” అని చెప్పి బయల్దేరింది. నిజం చెబితే గడప దాటనివ్వరు. ఆయన చెడ్డవాడు కాదని చుట్టాలంటారు. చెడ్డవాడు కాకుండా ఉండటానికి ఆయన పడ్డ కష్టమేమిటో ఏ చుట్టమూ చెప్పలేదు.

పదకొండేళ్లుగా ఆమె చర్మకణాలను పెంచుతోంది. వాటికి మేత పెడుతుంది, వెచ్చగా ఉంచుతుంది, చచ్చినవాటిని ఏరేస్తుంది. ఒక కణాన్ని పక్క కణంతో కలిపి పట్టి ఉంచే ప్రోటీన్ ఒకటుంది. దాని పేరు క్యాడ్హెరిన్. ల్యాబ్‌లో ఒక సీసాలోని కణాలకు ఆ ప్రోటీన్ ఉంది, దాన్ని ఆకుపచ్చగా వెలిగేలా చేశారు. ఇంకో సీసాలోని కణాల్లో దాన్ని తీసేశారు. శుక్రవారం ఆమె ఆ రెండింటినీ పొరపాటున ఒకే పళ్లెంలో పోసేసింది. ఆ నిమిషంలో ఫోన్ మూడోసారి మోగింది. ఆదివారం కూర ఏమిటని భర్త అడుగుతున్నాడు.

“పారెయ్యండక్కా. కలగాపులగం చేశారుగా,” అన్నాడు పరిశోధక విద్యార్థి.

ఆమె పారెయ్యలేదు. ప్రోటీన్ ఉన్నదీ లేనిదీ పక్కపక్కన పడితే ఏమవుతుందో చూడాలనిపించింది. ప్రొఫెసర్‌ను అడిగింది.

“నీ సరదా ఎందుక్కాదనాలి? చూసుకోమ్మా. సోమవారానికి మాత్రం ఆ పళ్లెం కడిగేసి ఉండాలి,” అన్నాడాయన.

శనివారం కణాలు పళ్లెంలో కుదురుకోవడానికే సరిపోయింది. ఇక మిగిలింది ఈ ఆదివారం ఒక్కరోజే. పదింటికి ఆమె పళ్లెంలో కాల్షియం చుక్కలు వేసింది. కాల్షియం లేనంతసేపూ ఆ ప్రోటీన్ నీరసపడి వాలి ఉంటుంది. తగలగానే నిటారుగా నిలబడుతుంది. పది నిమిషాలకోసారి మైక్రోస్కోప్‌లోంచి ఫోటో తీయాలి. వెచ్చదనానికి గాజు కాస్త కదిలి బొమ్మ మసకబారుతుంది, ప్రతిసారీ మైక్రోస్కోప్ మరను చేత్తో తిప్పి సరిచెయ్యాలి. ఒక్కసారి లేచి వెళితే వరుస తెగుతుంది.

“ఆడది ఇంటికి జిగురులాంటిదమ్మాయ్. ఎవరు ఎటు లాగినా నువ్వు అతుక్కునే ఉండాలి,” అంది అత్తగారు, ఆమె కాపురానికొచ్చిన వారానికే. మైక్రోస్కోప్‌లో చూస్తుంటే ఆ మాట గుర్తొచ్చింది. ఇక్కడ జిగురు లేదు. జిగురైతే దేనికైనా అంటుకుంటుంది. ఒక ఆకుపచ్చ కణం సన్నని వేళ్లలాంటివి చాచింది. పక్క ఆకుపచ్చ కణమూ చాచింది. వేళ్ల సందుల్లో వేళ్లు దూరాయి. తగిలిన చోట ఒక చుక్క వెలిగింది, దాని పక్కన ఇంకొకటి. చుక్కలు కలిసి గీత అయ్యాయి. ఆ గీతకు రెండు వైపులా కణాల లోపలి తాళ్లు వచ్చి బిగుసుకున్నాయి. గీత తిన్నగా నిలిచింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ తిట్టలేదు. ఇంత బుద్ధిగా, ఇంత మర్యాదగా జరిగే పనిని ఆమె తన ఇంట్లో ఎన్నడూ చూడలేదు.

అదే కణానికి రెండో పక్కన ప్రోటీన్ లేని కణముంది. అటు కూడా ఇది వేళ్లు చాచింది. వెనక్కి తీసింది, మళ్లీ చాచింది. చుక్క వెలగలేదు. ఆలస్యంగానైనా వెలుగుతుందా? నాలుగింటికి గానీ తేలదు.

పన్నెండు నలభైకి ఫోన్ మోగింది.

“ఎక్కడ చచ్చావ్? అక్కావాళ్లు వచ్చేశారు.”

“పని అవలేదండీ. కూర అయింది. మిగతాది మీరు వండండి.”

వెనక నుంచి అత్తగారి గొంతు: “ఏమంటుందిరా మహాతల్లి?”

“నన్ను వండమంటోందమ్మా!” ఆడబిడ్డ పకపకా నవ్వింది. ఆయన గొంతు తగ్గించాడు. “పరువు తియ్యకు. ఆటో ఎక్కి వచ్చెయ్.”

“నాలుగు దాటాక వస్తాను. ఒంటిగంటకని అబద్ధం చెప్పాను. ఇక చెప్పను.”

“నేనొక్కణ్ణే ఎలా చేసేది?”

పద్నాలుగేళ్ల కాపురంలో ఆ మాట ఆమె ఒక్కసారీ అనలేదు. అనవచ్చని తెలియదు.

“మీ బావగారిని పిలవండి వంటింట్లోకి. ఇద్దరు మగాళ్లున్నారుగా,” అని ఫోన్ కట్టేసి, మర సరిచేసి, ఫోటో తీసింది.

నాలుగింటికి చివరి ఫోటో తీసింది. ఆకుపచ్చ కణాల మధ్య గీతలు తళతళలాడుతున్నాయి. ప్రోటీన్ లేని కణాల వైపు మాత్రం ఒక్క చుక్కా వెలగలేదు. అందుకు ఆమెకు ఆశ్చర్యం కలగలేదు. ఇంట్లో అటు నుంచి ఒక చెయ్యి వస్తుందని ఇన్నేళ్లు తను ఎదురుచూసినందుకు కలిగింది.