అత్తయ్య కొలత

మా అత్తయ్య కారు నడుపుతుంటే చూడాలి. చెప్తే నమ్మరు. ఇంట్లో నాలుగు మెట్లెక్కడానికి మోకాళ్ళు పట్టుకుని సణుగుతుందా, అదే స్టీరింగు ముందు కూర్చోబెట్టండి, ఇంకో మనిషైపోతుంది. కొండ మలుపులో గేరు మార్చిందంటే పక్క సీట్లో కూర్చున్న నాకే తెలిసేది కాదు, అంత మెత్తటి చెయ్యి. కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడంటే హడలి చచ్చేదాన్ని. ఇప్పుడూ హడలే అనుకోండి, కానీ దాంతోపాటు బోలెడంత ముచ్చట కూడా.

మాది కార్లు బాగుచేసే షెడ్డు. మావయ్యగారు, అత్తయ్య కలిసి పెట్టుకున్నది. ఆయన పోయాక మా ఆయన, మా మరిది చూసుకుంటున్నారు. నేను ముందు కౌంటర్లో కూర్చుని సామాన్లు తెప్పించడం, వచ్చినవాళ్ళ నస భరించడం. షెడ్డులో వెనకమూల అత్తయ్య పాత కారు ఉంటుంది. ఊరి బయట కొండ రోడ్డు మీద ఏటా పాత కార్లకి పోటీ పెడతారు. ఒక్కో బండీ విడిగా ఎక్కాలి, ఎవరు తొందరగా పైకి చేరితే వాళ్ళు గెలిచినట్టు. అత్తయ్య ఏ ఏడూ మానలేదు. మావయ్యగారు పోయిన ఏడాది కూడా, కళ్ళు తుడుచుకుని వెళ్ళి ఎక్కి దిగింది.

పోయినేడు మాత్రం చివరి మలుపు దగ్గర కారు ఆయాసపడి ఆగిపోయింది. ఆవిడ తప్పు వెంట్రుకంత కూడా లేదు, ఇంజన్‌కి సత్తువ చాల్లేదు. అందరూ చూస్తుండగా దిగి, "నన్ను నట్టేట ముంచావు కదే" అని బానెట్ మీద ఒక్కటిచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటులాగా, వచ్చే ఏడు దాటితే ఆవిడ వయసుకి ఇక దిగనిచ్చేది లేదని పోటీ పెట్టే క్లబ్బువాళ్ళు తేల్చి చెప్పారు. అంటే ఆవిడకి మిగిలింది ఈ ఒక్క ఏడాదే.

అదిగో, అక్కడ అంటుకుంది మా ఇంట్లో.

"ఆ ముసలి ఇంజన్ తీసేసి కొత్తది దింపుదాం" అన్నాడు మా ఆయన. ఎక్కడో గుద్దుకుని నుజ్జయిన కొత్త కారులోంచి చెక్కుచెదరని ఇంజనొకటి చూసిపెట్టుకున్నాడు కూడా. మరిది ససేమిరా అన్నాడు. "ఇంజన్ జోలికెళ్ళొద్దు, దానికే టర్బో పెడదాం" అన్నాడు. టర్బో అంటే బ్రహ్మవిద్యేం కాదు. బయటికి పోయే పొగతో తిరిగే చిన్న పంకా. అది గాలిని ఇంజన్లోకి కుక్కుతుంది, గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండి బలమొస్తుంది. ఇన్నేళ్ళు ఆ కౌంటర్లో కూర్చుంటే మీకూ తెలిసిపోతుంది.

మాటా మాటా పెరిగింది. "నాన్న చేత్తో కట్టిన ఇంజన్రా అది, పీకడానికి నీకు చేతులెలా వస్తాయి?" అన్నాడు చిన్నోడు. అన్ననే 'రా' అన్నాడు చూడండి. "నాన్న ఉన్నన్నాళ్ళూ షెడ్డు మొహం చూడనివాడివి, నువ్వా నాకు చెప్పొచ్చేది?" అన్నాడు మా ఆయన. అంతే, మాటలు బందు. చెయ్యి చాపితే అందేంత దూరంలో పనిచేసుకుంటూ, రాయబారాలన్నీ నా ద్వారానే. "వదినా, ఆ పానా ఇమ్మను." "ఏమేవ్, తీసినచోట పెట్టమని చెప్పు వాడికి." నాకు చిర్రెత్తుకొచ్చి ఒకరోజు పానా లాక్కుని ఎవరికీ ఇవ్వకుండా కౌంటర్ కింద పడేశాను. ఇద్దరూ సాయంత్రం దాకా బిక్కమొహాలేసుకుని తిరిగారు.

నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, తర్వాత జరిగింది నవ్వే విషయం కాదు. పోటీ అయిన మర్నాడే వేరే షెడ్డు పెట్టుకుంటానన్నాడు మరిది. వాళ్ళమ్మ మొహం మీదే అన్నాడు. అత్తయ్య ఆ పూట కంచంలో చెయ్యిపెట్టి, తిన్నట్టు కెలికి లేచిపోయింది.

మా షెడ్డులో మావయ్యగారు పెట్టిపోయిన పద్ధతొకటుంది. ఒక బండి మీద ఇద్దరు రెండు మాటలంటే, నట్టు విప్పకముందే ఇద్దరూ కూర్చోవాలి. ఎవరి మాట వాళ్ళు చెప్పకూడదు. ఎదుటివాడి మాట వీడు, వీడి మాట ఎదుటివాడు, సొంత మాటలాగా వాదించాలి. మొక్కుబడిగా వాదిస్తే చెల్లదు. వచ్చిన కస్టమర్లు ఇది చూసి, వీళ్ళకేమైనా తిక్కా అన్నట్టు నా వైపు చూసేవాళ్ళు. అత్తయ్య ఒక పొద్దున్న కారు పక్కన కుర్చీ వేయించుకుని కొడుకులిద్దర్నీ పిలిచింది.

"పెద్దోడా, టర్బో ఎందుకు పెట్టాలో చెప్పు."

మా ఆయన ఆముదం తాగినట్టు మొహం పెట్టాడు. అయినా తప్పుతుందా? గోడకి చెప్తున్నట్టు మొదలెట్టాడు. "ముందు భాగం బరువు పెద్దగా పెరగదు, మలుపులో బండి మాట వింటుంది. గేరుబాక్సు అదే, అమ్మ కాలికి అలవాటైన క్లచ్ అదే. పోటీకి ముందే తయారవుతుంది." చెప్తూ చెప్తూ మనిషి వేడెక్కాడు, చేతులు కూడా తిప్పడం మొదలెట్టాడు. "ఒకటే భయం. గాలి ఎంత పంపాలో నాడి పట్టుకుని చూడాలి. ఏమాత్రం ఎక్కువైనా పిస్టన్లు కరుగుతాయి." అక్కడ ఆగి తల గోక్కున్నాడు. "చిన్నోడు చేస్తే కరగవులే."

అనేసి నాలిక్కరుచుకున్నాడు. మరిది బూట్ల వంక చూసుకుంటున్నాడు.

"ఊఁ, నీ వంతు" అంది అత్తయ్య.

"పాతదాన్ని పొడిచి పరిగెత్తించేకంటే పుట్టుకతో బలమున్నది మేలు" అన్నాడు మరిది. "వేడెక్కి మధ్యలో చేతులెత్తెయ్యదు. ఎన్నేళ్ళైనా ఒక్క తిప్పుకి లేస్తుంది. కాకపోతే ఇంజన్ కూర్చునే మౌంటింగులు కోసి కొత్తవి అతకాలి. కాస్త వంకర పోయినా బండంతా వణుకుతుంది."

"వణక్కుండా అతికేదెవరు?"

వాడు వంగి బూటు లేసు బిగించుకున్నాడు. "అన్నయ్య అతికితే వణకదు."

నాకు ఏడుపొచ్చేసింది. కోపం కూడా వచ్చింది. ఒకరి పనంటే ఒకరికి ఇంత గురి పెట్టుకుని, ఇన్నాళ్ళు నా చేత పానాలు మోయించారా అని.

అత్తయ్య మాత్రం చలించలేదు. "ఇంజన్ మీది హెడ్డు విప్పి పెట్టండి. సిలిండర్లు నేను కొలుస్తాను" అంది. టర్బో పెడితే లోపల ఒత్తిడి పెరుగుతుంది కదా, పిస్టన్లు ఆడే సిలిండర్ల గోడలు గట్టిగా ఉండాలి. మావయ్యగారు ఆ ఇంజన్‌కి ఇదివరకే బోరింగ్ చేసి, అంటే ఆ గోడలు లోపల గీకి వెడల్పు చేసి, లావు పిస్టన్లు వేశారు. ఇంకా అరిగితే గోడలో పస ఉండదు.

ఆవిడ కొలుస్తుంటే నేను పని మానుకుని చూస్తాను, అదో అలవాటు నాకు. ముందు సిలిండర్ని మెత్తటి గుడ్డతో పసిబిడ్డ చెవి తుడిచినట్టు తుడుస్తుంది. కొలిచే గేజుని పైన ఒకసారి, మధ్యలో ఒకసారి, అడుగున ఒకసారి పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి, ముల్లు నిలకడగా ఆగేదాకా ఊపిరి బిగబడుతుంది. ఆ వయసులో ఆ చేతికి వణుకన్నదే లేదు. ఆవిడ కొలిచిందాన్ని మళ్ళీ కొలవడం మా షెడ్డులో లేదు. మావయ్యగారే కొలిచేవారు కాదట.

అన్నీ అయ్యాక గేజు పెట్టెలో పెట్టి, చేతులు తుడుచుకుంది. "గోడలు పోయాయి. టర్బోకి తట్టుకోదు. ఇంజన్ మార్చేద్దాం."

మరిది మొహం పాలిపోయింది. మా ఆయన మీసం కింద నవ్వు దాచుకోబోయాడు గానీ అత్తయ్య కంట పడింది. "ఇకిలించకు. కొత్త ఇంజన్‌కి ఆ కంప్యూటర్ డబ్బా, గంపెడు వైర్లు ఉంటాయి. అది నీ వల్ల అవుతుందా? చిన్నోడు చెయ్యి పెట్టకపోతే నువ్వు దింపేది ఉత్త ఇనపముద్ద." తర్వాత వాడి వైపు తిరిగింది. "వెళ్తానన్నావుగా. బండి పూర్తిచేసి వెళ్ళు."

నాకు అప్పుడు తట్టింది. వీళ్ళ అలకల్లోనే నెలలు గడిచిపోయాయి, పోటీ ఇక ఎన్నాళ్ళో లేదు. "అత్తయ్యా, ఇంజన్ మార్చడమంటే పోటీకి అందదు కదా!" అని అరిచినంత పని చేశాను.

"అందకపోతే అందదు" అని చేతులు కడుక్కోడానికి వెళ్ళిపోయింది.

పని మొదలైంది. మొదట్లో పాత పాటే, వదినా అది చెప్పు, ఏమేవ్ ఇది చెప్పు. కానీ ఈసారి సంగతి పానాలతో తేలేది కాదు. ఇంజన్ ఎంత వాల్చి అతికితే వైర్ల కట్ట ఎటు నుంచి రావాలో, సెన్సర్లకి చోటెక్కడో, ఒకరి పని ఒకరి మెడకి చుట్టుకుంది. నేను ఒకటి చెప్పబోయి ఇంకోటి చెప్పి, చేసిన అతుకు మళ్ళీ కోయించాను. మా ఆయన నా మీద లేచాడు. నాకూ ఒళ్ళు మండింది. "నేనేం మీ టెలిఫోను తీగనా? మీ నోళ్ళేం పడిపోలేదుగా, మీరే ఏడవండి!" అనేశాను. ఆ రోజంతా సైగలతో గడిపారు. మర్నాడు "ఇటు" "అటు" "చాలు" దాకా వచ్చారు. వారం తిరిగేసరికి ఒకటే తిట్టుకోవడం, వీధి చివరిదాకా వినపడేట్టు.

పోటీ రోజు రానే వచ్చింది. బండి ఇంకా బానెట్ లేకుండా, వైర్లు పేగుల్లా వేలాడుతూ షెడ్డులోనే ఉంది. పొద్దున్నే కొండకి వెళ్ళే పాత కార్లన్నీ మా వీధిలోంచే వెళ్ళాయి. ప్రతివాళ్ళూ షెడ్డు ముందు నెమ్మదించి, హారన్ కొట్టి, రాలేదేమని చేతులూపారు. అత్తయ్య గుమ్మంలో నిలబడి నవ్వుతూ అందరికీ చెయ్యూపింది. చివరి కారు మలుపు తిరిగాక వచ్చి నా కౌంటర్ వెనకాల స్టూలు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది. ఆవిడ అలా ఏడవగా నేనెప్పుడూ చూడలేదు.

"నాకెక్కాలనుందే" అంది. "ఒక్కసారి ఎక్కాలనుంది."

ఏం చెయ్యను? భుజం చుట్టూ చెయ్యి వేసి, నోటికొచ్చిన ఓదార్పు ఏదో అన్నాను. "ఏం చేస్తాం అత్తయ్యా, ఆ పాడు గోడలు అరక్కుండా ఉంటే ఈపాటికి..."

"అరగలేదు" అంది.

"ఏంటీ?"

"నిక్షేపంలా ఉన్నాయి. మీ మావయ్య కట్టిన ఇంజనే అది, అంత తేలిగ్గా అరుగుతుందా? టర్బో పెట్టుంటే ఈపాటికి కొండ మీద ఉండేదాన్ని." ముక్కు చీదుకుంది. "టర్బో అయితే చిన్నోడొక్కడే పెట్టేసేవాడు. పెద్దోడితో పనేముంది? పోటీ అయిపోయేది. రేపటికి సామాను సర్దుకుని పోయేవాడు."

ఆవిడ చేతి కొలత మీద మా అందరికీ అంత నమ్మకముంటే, ఆ నమ్మకాన్నే పణంగా పెట్టి, ఇంత అబద్ధం ఎంత నిదానంగా చెప్పింది! మనిషికి ఇంత గుండె ఉంటుందా? లోపల్నుంచి కేకలు వినపడుతున్నాయి. "ఆ ఎర్రది కాదురా, పక్కది!" "నీ వెల్డింగ్ నువ్వు చూసుకో అన్నయ్యా, వైర్ల సంగతి నాకొదిలెయ్!" "వదిలేసే కదా నిన్న ఫ్యూజు కొట్టించావు?" "కొట్టిందెవరు, నేనా?"

నా రక్తం ఉడికిపోయింది. ఇద్దర్నీ చెవులు పట్టుకుని లాక్కొచ్చి, మీ అమ్మ మీ కోసం ఏం పోగొట్టుకుందో చూడండిరా గాడిదల్లారా అని ఆవిడ ముందు నిలబెడదామని లేచాను.

అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్ళ నిండా నీళ్ళే, చెవులు మాత్రం లోపలే ఉన్నాయి.

"కూర్చోవే" అంది. "మాట్లాడుకుంటున్నారు."