అవుననే వైపు ఒక మనిషి తక్కువ

మా ఆత్మకూరులో నా ముఖం తెలియనివాళ్లు తక్కువ. నేను కౌన్సిలర్‌ని కాదు, సినిమా మనిషిని కాదు, జాకెట్లు కుట్టే వసంతను. మూడేళ్లుగా వారం విడిచి వారం నా ఫొటో పేపర్లో పడుతోంది, అందుకని. వనపర్తి పేజీలో కింద ఒక మూలన ‘జనం ఏమంటున్నారు’ అని ఒక పెట్టె ఉంటుంది. పిల్లల చేతికి సెల్‌ఫోన్ ఇవ్వొచ్చా, కాన్పు సర్కారు దవాఖానలో మంచిదా ప్రైవేటులోనా, పదో తరగతికి ట్యూషన్ కావాలా వద్దా, ఇలా వారానికో ప్రశ్న. కింద ఐదు ఫొటోలు, ఐదుగురి మాటలు. అందులో తరచూ నేనుంటాను: వసంత, టైలర్, ఆత్మకూరు.

ఆ పెట్టె నింపే విలేకరి దశరథం. బస్టాండు ఎదుట వాడికి జిరాక్సు షాపు కూడా ఉంది. పింఛను దరఖాస్తుకో, రేషన్ కార్డుకో ఊళ్లో అందరమూ ఏదో ఒకనాడు వాడి దగ్గర ఫొటో దిగినవాళ్లమే, కాబట్టి అందరి ముఖాలూ వాడి కంప్యూటర్లో ఉంటాయి. మొదటిసారి మాత్రం పుస్తకం, పెన్ను పట్టుకుని నా షాపుకొచ్చి స్టూలు మీద కూర్చుని మర్యాదగా అడిగాడు. సెల్‌ఫోన్ పిల్లల చేతిలో పెట్టేది మనమే, గుంజుకుంటే ఏడుస్తున్నారని తిట్టేదీ మనమే అన్నాను. అన్నది అన్నట్టే అచ్చయింది. ఆ రోజు నేను కుట్టిన జాకెట్లన్నీ చేతులు పొడుగై తిరిగి వచ్చాయంటే నా సంబరం ఎంతటిదో చూసుకోండి.

నాలుగైదు వారాలయ్యాక వాడు రావడం మానేసి ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. తర్వాత ఫోన్లో ప్రశ్న అడగడమూ మానేశాడు. “అక్కా, నీ పేరు పెడుతున్న” అనేవాడు. “పెట్టుకో” అనేదాన్ని. నేనేం చెప్పానో గురువారం పొద్దున పేపర్ చూసి తెలుసుకునేదాన్ని. డెంగీ మీద, షుగరు మీద, ఆన్‌లైన్ చదువుల మీద నేను చెప్పని మాటలకు నేనే తల ఊపేదాన్ని. సిగ్గు విడిచి చెబుతున్నా, బాగుండేది. దారిన పోతుంటే ‘మంచిగ చెప్పినవక్కా’ అని ఆపి మరీ మెచ్చుకుంటుంటే ఎవరికి చేదు?

మా గేరిలో, అంటే మా వీధి చివర, ఉర్దూ బడి ఉంది. ఒక గది, ఒక వరండా, ఒక టీచరమ్మ, పదకొండు మంది పిల్లలు. ఆ పిల్లలకు పద్నాలుగేళ్లుగా మధ్యాహ్నం అన్నం వండేది జహీరున్నీసా; అక్కను వాళ్లు పిలిచినట్టే నేనూ ఆమెను ఆపా అంటాను. ముందుగదిలో షాపున్న మా ఇంటికీ ఆపా ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. మా ఆయన చనిపోయిన ఏడాది నన్ను లేపి, ముఖం కడిగించి, తన మిషన్ ముందు కూర్చోబెట్టి కత్తెర పట్టడం నేర్పింది ఆమె. ఈ రోజు నేను తినే తిండి ఆమె పెట్టిందే అనుకోవచ్చు.

పిల్లలు తక్కువున్న బడులను పెద్ద బడుల్లో కలిపేస్తారని ఈ ఏడు ఊళ్లో మాట పుట్టింది. మా ఉర్దూ బడిని కలిపితే పిల్లలు పెద్ద రోడ్డు దాటి అవతలి బడికి పోవాలి. అక్కడ ఉర్దూ చెప్పేవాళ్లు లేరు. ఆపా మనవరాలు సుహానా మూడో తరగతి. ఆ పిల్ల తండ్రి, ఆపా కొడుకు తౌఫీక్ పొద్దున్నే ఆటో తీసుకుని వెళ్లిపోతాడు. అంత దూరం ఆ పిల్లను ఎవరు తీసుకుపోయి ఎవరు తీసుకొస్తారు, ఇంట్లోనే కూర్చోనీ అని అప్పుడే అనేశాడట. ఈ సంగతి చెప్పి ఆపా నా దగ్గర కళ్లు తుడుచుకుంది.

“శనివారం బడుల ఆఫీసరు వస్తుండంట. మా దిక్కు నువ్వొక మాట చెప్పు వసంతా. మేమంటే ఎవరింటరు, నీ మాటైతే పేపర్ల గూడ ఏస్తరు,” అంది.

“నేనుండంగ నీ బడి యాడికి పోతది ఆపా,” అన్నాను. ఇంత నోరేసుకుని అన్నాను.

బుధవారం మధ్యాహ్నం నా చేతిలో ఒక పెళ్లివాళ్ల జాకెట్లు ఏడు ఉన్నాయి. సాయంత్రానికి ఇవ్వాలి. దశరథం ఫోన్ చేశాడు. ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, హుక్కులు కుడుతూనే, పెట్టుకో అన్నాను. ప్రశ్న ఏందని అడగలేదు.

గురువారం పేపర్ తెరిస్తే ప్రశ్న ఇది: పిల్లలు తక్కువున్న బడులను విలీనం చేయాలా? నా ఫొటో పైవరుసలో మొదటిది. దాని కింద, ‘పట్టుమని పదిహేను మంది లేని బడికి ఒక టీచరు, ఒక వంటమనిషి ఎందుకు? పెద్ద బడిలో కలిపితేనే పిల్లల చదువు బాగుపడుతుంది.’ రెండుసార్లు చదివాను. వంటమనిషి అన్నచోట నా కళ్లు ఆగిపోయాయి. ఒళ్లంతా మంట లేచింది. షాపు తలుపు కూడా వేయకుండా బస్టాండుకు నడిచాను.

దశరథం మిషన్‌లో కాగితాలు పేరుస్తున్నాడు. నేనిలా అన్నానా అని పేపర్ వాడి ముందు కొట్టాను. వాడు తొణకలేదు. విషయం నిమ్మళంగా చెప్పుకొచ్చాడు. పై ఆఫీసు వాళ్లకు ప్రతి ప్రశ్నకూ ఇద్దరు అవునని, ఇద్దరు కాదని, ఒకరు మధ్యస్తంగా చెప్పాలట. లెక్క కుదరకపోతే ఆ పెట్టె వేయరట. ఈసారి ఒక్కరు తప్ప ఎవర్ని అడిగినా బడి తీసేయొద్దనే అన్నారట. “అవుననే దిక్కు ఒకరు తక్కువ పడ్డరక్కా. నువ్వైతే ఏమనుకోవని పెట్టిన,” అన్నాడు.

వాణ్ని నేను తిట్టని తిట్టు లేదు. నా షాపులో తాగిన చాయ్‌లు, వాడి చెల్లెలి పెళ్లికి రాత్రీ పగలూ కూర్చుని కుట్టిన బట్టలు, అన్నీ ఎత్తిపొడిచాను. సొంత తమ్ముడిలా చూసుకుంటే నా గొంతే కోశావు కదరా అన్నాను. తప్పయిందని రాయమన్నాను. అట్లా రాస్తే తన విలేకరి పని పోతుందన్నాడు. వచ్చే వారం మోకాళ్ల నొప్పుల మీద ప్రశ్న వస్తుంది, అందులో నా పేరుతో మంచిగా రాస్తానని నాకే ధైర్యం చెప్పాడు. నేను ఇంకా అరుస్తుంటే చివరికి తలెత్తి చూశాడు.

“మూడేండ్ల సంది రాసేది నేనే గదక్కా. ఒక్కనాడన్న గిది నా మాట కాదు అన్నవా?”

పేపర్ మడిచి చంకలో పెట్టుకున్నాను. జిరాక్సు కోసం నిలబడ్డవాళ్లు నన్నే చూస్తున్నారు. తిరిగి వచ్చేశాను.

వచ్చిన దాన్ని నేరుగా ఆపా దగ్గరికి పోవాల్సింది. పోలేదు. ఆపా వాళ్లు తెలుగు పేపర్ వేయించుకోరు కదా, ఎవరు చదువుతారులే అనుకున్నాను. రేపటికి ఆ కాగితం బజ్జీల బండి మీద పొట్లమైపోతుంది, లేనిపోనిది నేనే ఎందుకు చెవిన వేయాలి అనుకున్నాను. సాయంత్రం గోడ అవతల ఆపా సుహానాతో ఎక్కాలు చెప్పిస్తుంటే వినబడింది. నేను మిషన్ ఆపేసి, ఇంట్లో లేనట్టు కూర్చున్నాను. శుక్రవారం ఆమె బయటికి వచ్చే వేళకు నేను తలుపు దగ్గరికి వేసుకున్నాను. దశరథం చేసిన ద్రోహం తలుచుకుని పళ్లు నూరుతూనే రెండు రోజులు గడిపాను.

శనివారం బడి వరండాలో మీటింగు. తల్లిదండ్రులు చాపల మీద, ఆఫీసరు కుర్చీలో. ఆయన మంచివాడిలాగే ఉన్నాడు. అందరూ చెప్పింది విన్నాడు. టీచరమ్మ కూడా భయపడుతూనే నాలుగు మాటలు చెప్పింది. అప్పుడాయన ఫైలు తెరిచి పేపర్ ముక్క తీశాడు. మీ గేరి ఆడమనిషే ఏమంటుందో వినండి అని నా పేరుతో సహా పైకి చదివాడు. తలలన్నీ నా వైపు తిరిగాయి.

నేను లేచాను. “సార్, అది నా మాట కాదు,” అన్నాను.

ఫొటో మీదే కదా అని అడిగాడు. నాదే అన్నాను. పేరు? నాదే. పెట్టమని ఒప్పుకున్నారా? ఒప్పుకున్నానన్నాను. ఈ మూడేళ్ల నుంచీ వస్తున్నవి ఎవరి మాటలమ్మా అని అడిగాడు. అవీ నావి కావు సార్, మొదటి నాలుగైదు తప్ప అన్నాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఈ బడి ఉండాలి సార్, నా మాట ఇదీ అని గొంతు పెంచాను. పేపర్లో ఆ మాట, ఇప్పుడు ఈ మాట, నేను దేన్ని మీదనుకోవాలి అని ఆయన మెత్తగానే అన్నాడు. పేపర్ ముక్కను మళ్లీ ఫైలులో పెట్టుకున్నాడు. వారంలో తెలియజేస్తామని చెప్పి జీపెక్కాడు. ఊరంతా మెచ్చుకున్న నా మాట, ఆపాకు అక్కరకొచ్చిన రోజున పూచికపుల్లకు కొరగాలేదు.

జనం వెళ్లిపోయాక వంట దగ్గరికి పోయాను. ఆపా పొయ్యి ముందు పప్పు కలుపుతోంది. ఆపా, ఆ దశరథంగాడు నన్ను మోసం చేసిండు అని మొదలుపెట్టాను.

“నువ్వనలేదని నాకెర్కనే,” అంది, గరిటె ఆపకుండా. “గురువారం పొద్దుగాలనే తౌఫీక్ సదివి ఇనిపిచ్చిండు. మా వసంత గిట్లనదు బేటా, జర ఆగు, అదే ఉర్కొచ్చి చెప్తది అన్న. గురువారమంత సూసిన. శుక్రవారం గూడ సూసిన.”

“ఆపా, వాడు...”

“వాడు నాకేమైతడు వసంతా? వాడు నాకు మాటియ్యలే గద.”

పిల్లలు పళ్లేలు పట్టుకుని వరుసకొచ్చారు. ఆపా నన్ను జర పక్కకు జరగమని, ముందు నిలబడ్డ సుహానా పళ్లెంలో అన్నం పెట్టింది.