చుక్కలు చూసేవాడికి నేల మీదేం పని?

కారకోల్ పట్నంలో నాకు కళ్ళద్దాల దుకాణం ఉంది. ఏటా డిసెంబరు చివర్లో మా ఖగోళ సంఘం అక్కడే కూర్చుని, వచ్చే ఏడాది ఏ నెలలో ఏం చూడాలో తేల్చుకుంటుంది. సంఘమంటే ఎంతమందో కాదు. ఫిజిక్స్ టీచరు జిబెక్, ఖనిజాల సర్వేలో పనిచేసి రిటైరైన ముకాష్, నేను. మిగతావాళ్ళు వేసవిలో వస్తారు, చలి మొదలవగానే మాయమవుతారు.

ఆసారి జనవరి దగ్గరే మాట ఆగిపోయింది. మేము టెలిస్కోపు పెట్టుకునే కొండ మీది పచ్చికకు వెళ్ళే దారికి అడ్డంగా కారాబులాక్ ఊరివాళ్ళు బండరాళ్ళు దొర్లించారని కబురొచ్చింది. పట్నం దీపాల వెలుగు అందని చోటు మాకు అదొక్కటే.

"వెళ్ళి అడుగుదాం. మనమేమన్నా దొంగలమా?" అంది జిబెక్.

"ఇప్పుడెందుకమ్మా, మంచు కరిగాక చూద్దాం" అన్నాడు ముకాష్. ఎంత చలికీ జంకని మనిషి ఆ మాట అనడం నాకు వింతగా తోచింది.

మర్నాడు పొద్దున ముగ్గురం వెళ్ళాం. కారు ఆగీ ఆగకముందే పక్కనున్న గొర్రెల దొడ్డిలోంచి ఒక ముసలామె గడ్డి ఎత్తే పంగలకర్ర పట్టుకుని వచ్చింది. పేరు తుర్దుబూబు. ఆ పచ్చికలో మేసే గొర్రెల్లో సగం ఆవిడవే.

"ఐజమాల్! బంగారం కంపెనీ వాళ్ళు మళ్ళీ దిగారే!" అని ఇంట్లో ఉన్న కోడల్ని కేకేసింది.

"కంపెనీ ఏంటి అపా, మేం చుక్కలు చూసుకునేవాళ్ళం" అంది జిబెక్ నవ్వుతూ. పెద్దావిడల్ని మేము అపా అనే పిలుస్తాం.

"చుక్కలు పైనుంటాయి కదమ్మా. మరి మీ ముసలాడు నేల చూసుకుంటూ తిరుగుతాడేం? పొద్దుగూకే ముందు కర్రతో పొడుస్తాడు, వంగుతాడు, ఏదో సంచిలో వేసుకుంటాడు. మా కోడలు కళ్ళారా చూసింది."

జిబెక్ మొహంలో నవ్వు పోయింది. ఇద్దరం ముకాష్ వైపు తిరిగాం. ఆయన చేతితొడుగులు సర్దుకుంటూ కొండ వైపు చూస్తున్నాడు.

ఎంత కోపమున్నా గడప దాకా వచ్చినవాళ్ళకు రొట్టె ముక్క పెట్టక తప్పదు. తుర్దుబూబు లోపలికి రమ్మంది. కానీ టీ కప్పు అంచుదాకా పోసింది. మా వైపు దానర్థం, తాగి లేవమని. ఏటా ఆ చోటే కావాలని పట్టుబట్టేది ముకాషే. మేము టెలిస్కోపు బిగించుకుంటుంటే, కాళ్ళు సాగదీసుకొస్తానని వెళ్ళేది ఆయనే. ఇన్నేళ్ళూ మమ్మల్ని ముసుగుగా వాడుకున్నాడా?

"బైకే, నోరు విప్పు" అంది జిబెక్. ముకాష్‌ను ఆమె పెద్దన్నలా అలాగే పిలుస్తుంది.

ముకాష్ లేచి, కారు దగ్గరికెళ్ళి చేతికర్ర తెచ్చాడు. దాని కొసన అయస్కాంతం కట్టి ఉంది.

"ఆకాశం నుంచి పడ్డ రాయి కోసం. అందులో ఇనుముంటుంది" అన్నాడు. "నాలుగేళ్ళ కిందట ఈ గట్టు వెనకాల ఒక పెద్ద నిప్పు ముద్ద రాలింది. నా కళ్ళతో చూశాను."

"మాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెబితే ముగ్గురం వెతికేవాళ్ళం. దొరికితే సంఘానికి దొరికిందనేవారు. నాకు దొరికిందని ఎవరంటారు?"

జిబెక్ తల దించుకుంది. నాకైతే ఒళ్ళు మండింది.

తుర్దుబూబు మాత్రం కరగలేదు. "కట్టుకథ బాగానే అల్లావు. మా నాన్న ఇలాగే ఒక సర్వే వాళ్ళకి దారి చూపించాడు. రాళ్ళు చూసుకుని పోతామన్నారు. రెండేళ్ళకి బంగారం గని తవ్వి మా వాగు ఎండబెట్టారు. అందులో నువ్వు లేవని నేనెలా నమ్మేది?"

ముకాష్ కర్రను గోడకు ఆనించి మళ్ళీ కూర్చున్నాడు.

చివరికి ఆవిడే తీర్పు చెప్పింది. రాళ్ళు తీయిస్తుందట. మేము ఎప్పుడు పైకెళ్ళినా ఐజమాల్ వెంట వస్తుందట. "ఈయన మాత్రం నా పొయ్యి దగ్గర, నా కళ్ళెదుట కూర్చోవాలి. ఆ కర్ర నా దగ్గరే ఉంటుంది."

ఒప్పుకున్నాం. ఏడాది కార్యక్రమం ఆ గదిలోనే ఖాయమైంది. ఏ తేదీ చెప్పినా ఐజమాల్, "ఆ వారం గొర్రెలు ఈనుతాయి, కుదరదు" అని కొట్టేస్తూ పోయింది.

జనవరిలో ఒక సాయంత్రం మొదటిసారి వెళ్ళాం. ఐజమాల్ మొదట నన్ను తనిఖీ చేసింది, తర్వాత టెలిస్కోపులోంచి కృత్తికల్ని చూసింది. "మామూలుగా ఆరే కదా కనబడేది, ఇన్నెక్కడివి? అద్దంలో మీరే పెట్టారా?" అని అడిగింది. జిబెక్ చెప్పిన జవాబు ఆమెకు సగమే నచ్చింది.

కిందికి దిగేసరికి ముకాష్, తుర్దుబూబు పొయ్యికి చెరోపక్క దగ్గరగా వంగి గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. ఆ అయస్కాంతం కర్ర ఆవిడ ఒళ్ళో ఉంది. మేము తలుపు తీయగానే ఇద్దరూ మాట ఆపేశారు.

కారెక్కాక జిబెక్ అడిగింది: "ఏంటి బైకే, అంత మంతనాలు?"

"ఏముందీ, గొర్రెల సంగతులు" అన్నాడు.

జిబెక్, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. గొర్రెల గురించి ముకాష్ మాట్లాడగా మేమెన్నడూ వినలేదు.