వంతెనకు ఇవతల

పరాయి ఇంట్లో కూడా మహిమకు అంట్లు తప్పలేదు. రాత్రి టేకులపల్లిలో ఆమెకు చోటిచ్చిన చర్చి ఉపదేశి సవరయ్య అరుగు మీద కూర్చుని పేపర్ చదువుకుంటున్నాడు. ఆయన భార్య జోజమ్మ పొయ్యి వెలిగిస్తోంది. ఆడమనిషై ఉండి ఆ మధ్యలో చేతులు ముడుచుకుని ఎలా కూర్చోవాలో మహిమకు తెలియలేదు. గిన్నెల ముందు చతికిలబడి పీచు అందుకుంది. జోజమ్మ వద్దనలేదు సరికదా, ఇంకో రెండు గిన్నెలు తెచ్చి పడేసింది. అదే ఏ మగవాడో సైకిల్ మీద ఊళ్లు తిరుగుతూ వచ్చి ఉంటే ఈపాటికి మంచం వాల్చి, టీ ఇచ్చి, "ఎంత దూరం పోతరు సార్?" అని చుట్టూ చేరేవాళ్లు.

సైకిల్ కూతురు ఆరాధనది. ఆ పిల్ల నర్సింగ్ చదువుకని హాస్టల్‌కు పోయాక మెట్ల కింద తుప్పు పట్టింది. "తుక్కోనికి ఏసెయ్యరాదు" అనేవాడు మొగుడు సుకుమార్. మహిమ వెయ్యలేదు. టైర్లు మార్పించి, చెయిన్ బాగు చేయించి దాచుకుంది. నిన్న అతను బడికి పోగానే వైరా నుంచి బయలుదేరింది. కొత్తగూడెంలో అక్క దగ్గరికి పోతున్నానని ముందురోజే చెప్పి ఉంచింది. సైకిల్ లేదని అతనికి తెలిసే భయం లేదు, మెట్ల కింద ఊడ్చేది అతను కాదు కదా. తిన్నని దారిలో అతని శిష్యులూ చుట్టాలూ ఎదురవుతారని ఖమ్మం, ఇల్లెందుల మీదుగా చుట్టు తిరిగి వచ్చింది.

పోవాల్సింది భద్రాచలం వంతెన అవతలికి. నాన్న లారీ డ్రైవర్. వంతెన దాటితే చింతూరు, ఆ తర్వాత మారేడుమిల్లి ఘాటు, అక్కడ చెయ్యి బయట పెడితే మబ్బు తగులుతుందని చెప్పేవాడు. తీసుకుపోతానన్నాడు, తీసుకుపోకుండానే పోయాడు.

ఆ పొద్దున టేకులపల్లి విడిచి పాల్వంచ దాటాక అడవి మొదలైంది. ఎండ ముదిరే కొద్దీ తొడలు మండుతున్నాయి. ఆ మంట ఆమెకు నచ్చింది, అది తనది. పెళ్లికి ముందు ఆమె సైకిల్ మీదే కాలేజీకి పోయేది. పెళ్లయ్యాక ఒక్కసారి ఎక్కితే అత్తగారు వాకిట్లోనే ఆపింది. "కోడలు సైకిల్ తొక్కితె నా కొడుక్కు కాళ్లు లేవనుకుంటరు, దిగు." దిగింది. ఆ దిగడం దిగడం ఇరవై ఏళ్లు దిగే ఉంది. ఇంట్లో కుట్టుమిషను తొక్కింది, సుకుమార్ ట్యూషన్ పిల్లలకు టీలు పెట్టింది, అతను నిద్రపోయాక వాళ్ల పరీక్ష పేపర్లు దిద్దింది. ఎర్రసిరా ఆమెది, కింద సంతకం అతనిది. "సార్ ఎంత ఓపిగ్గ దిద్దుతరో" అని పిల్లల తల్లులు మెచ్చుకుంటే లోపల గిన్నెలు సర్దుతూ వినేది. అయినా ఎవరైనా అడిగితే అతను అనే మాట ఒక్కటే. "మా ఆమెకేం పని? ఇంట్ల ఊరికెనే ఉంటది." అందుకే ఎవరూ తినని, ఎవరూ తొడుక్కోని, ఎవరూ సంతకం పెట్టని పని ఒక్కటైనా చెయ్యాలనుకుంది. అంతకంటే పెద్ద కారణం ఆమె దగ్గర లేదు.

ఆ కారణం చెక్‌పోస్టు దగ్గర చెల్లలేదు.

"ఒక్కదానివేనా? యాడికి?" అన్నాడు కుర్ర కానిస్టేబుల్.

"వంతెన దాటి, రాజమండ్రి దాక."

"ఏం పని మీద?"

"పనేం లేదు. ఊరికెనే."

"ఊరికెనే తిరిగే ఆడోళ్లు ఉంటరా? అన్నలకు కబుర్లు మోస్తున్నవా ఏంది?"

సంచి నేల మీద బోర్లించాడు. బట్టలు, గాలిపంపు, గ్లూకోజ్ పొట్లం, నెలసరి గుడ్డలు అన్నీ దుమ్ములో పడ్డాయి. నలుగురు మగాళ్లు చూస్తుండగా వంగి వాటిని ఏరుకుంటుంటే మహిమకు ఏడుపు రాలేదు, ఒళ్లంతా చీదర పుట్టింది. అప్పుడే హోంగార్డు చెంచురామయ్య, తండ్రి వయసువాడు, అడ్డొచ్చాడు.

"మొక్కు ఉందేమో పాపం. మొగుని కోసమా బిడ్డా?"

"అవ్" అంది. నోరు దానంతటదే అంది.

"మెడల సిలువ ఉంది కద" అన్నాడు కానిస్టేబుల్.

"ఏ దేవుడైతే ఏంది, మొగుడు బాగుండాలె. పేరేంది బిడ్డా, ఏం జబ్బు?"

"సుకుమార్ సార్. వైరాల టీచరు. గుండె."

అంతే. కానిస్టేబులే బట్టలు దులిపి సంచిలో పెట్టాడు. చల్లటి నీళ్లు నింపి ఇచ్చాడు. రాయిలా ఉన్న మొగుడికి మాటతో జబ్బు తెప్పించినందుకు ఆమెకు కాస్త నవ్వొచ్చింది కూడా. అక్కడి నుంచి ముందుకు పోతే వచ్చిన గూడెంలో సువర్ణ అనే ఆమె మొక్కు సంగతి విని మజ్జిగ ఇచ్చి, డబ్బులు వద్దని, పక్కన కూర్చుంది. "మొక్కు అంటె నన్ను గూడ పోనిస్తరా అక్కా? మా ఆయనకు ఏం జబ్బు లేదు మరి" అంది ఆశగా. నిజం చెప్పేస్తే బాగుండేది. మహిమ మజ్జిగ తాగి లేచింది.

సారపాక దాటి వంతెన మొదట్లోకి వచ్చేసరికి పది మంది నిలబడి ఉన్నారు. చెక్‌పోస్టు నుంచి కబురు ఆమె కంటే ముందొచ్చింది. పేపర్ విలేకరి సీతయ్య దండ వేయించి ఫొటో తీశాడు. వంతెన అవతలి కొస కనపడుతోంది. తొక్కితే కాసేపే.

"సార్‌తో మాట్లాడినమ్మా. వైరాల మా బావ సార్ దగ్గరే ట్యూషన్ చదివిండు, నంబరు దొరికింది. ఇదిగో, లైన్ల ఉన్నరు" అని సీతయ్య సెల్‌ఫోన్ చేతిలో పెట్టాడు.

మహిమ ఫోన్ చెవికి పెట్టుకుంది. తిడతాడు, తిట్టనీ. తిట్లకు జవాబులు దారి పొడుగునా సిద్ధం చేసుకునే వచ్చింది.

"మహిమా" అన్నాడు సుకుమార్. "మొన్న ఛాతీల మంట అంటె నువ్వు ఇంత మనసుకు తీస్కున్నవా? నాకోసం అక్క పేరు చెప్పి గింత కష్టపడ్డవా? స్టాఫ్ రూంల అందరికి చెప్పిన. మా ఆమె లాంటిది ఉండదన్న." నిజంగానే ఏడుస్తున్నాడు. పెళ్లయినప్పటి నుంచి అతను తన కోసం ఏడవడం ఇదే మొదలు. "ఇగ చాలు. దేవుడు చూసిండు. బస్సెక్కి జల్దీ రా."

జవాబులు ఒక్కటీ పనికి రాలేదు. ఫోన్ ఇచ్చేసి, "మొక్కు లేదు, ఏం లేదు. ఆయనకు జబ్బు లేదు. నేను ఊరికెనే వచ్చిన" అంది గట్టిగానే.

"జబ్బు సంగతి బయట పడొద్దని సార్ చెప్పి ఉంటడు పాపం" అంది గుంపులో ఒకామె. అందరూ అయ్యో అన్నారు. ఆ లోపే ఇద్దరు కుర్రాళ్లు సైకిల్ ఎత్తి ఖమ్మం బస్సు పైన కట్టేశారు. మర్యాదగా చెయ్యి పట్టుకుని ఆమెనూ ఎక్కించారు. కొట్టి లాగి ఉంటే ఆమె పెనుగులాడేది. మర్యాదతో ఎలా పెనుగులాడాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు.

బస్సు వెనక్కి తిరిగింది. రేపు పేపర్లో తన ఫొటో కింద అతని పేరు ఉంటుంది. దాన్ని అద్దం కట్టించి హాల్లో పెడతాడు, ఆ అద్దం కూడా తనే తుడవాలి. పైన సైకిల్ గుంతగుంతకూ ఎగిరి పడుతోంది.

పక్క సీట్లో ముసలమ్మ ఆమె మెడలో దండ చూసింది.

"ఒక్కదానివే పోతున్నవా బిడ్డా? నీ పెనిమిటి రాలేదా?"

మహిమ దండ తీసి కిటికీలోంచి పడేసింది. మంగళసూత్రం జాకెట్ లోపలికి దోపుకుంది.

"లేడు పెద్దమ్మా. చచ్చిపోయిండు."

ముసలమ్మ చప్పున జరిగి చోటిచ్చింది. ఆ తర్వాత ఎటు పోతున్నావని గాని, ఎందుకని గాని ఆమె ఇంకేమీ అడగలేదు.