నువ్వేమంటవక్కా?

"దునియాల ఏమైతుందో నీకేం సమజైతది? ముందుగాల చిక్కుడుకాయలు తుంచు," అన్నాడు బాలకిషన్, టీవీ మీంచి చూపు తిప్పకుండానే. వార్తల్లోని ఆ రెండు దేశాలకూ యుద్ధమెందుకని అతని భార్య తనూజ అడిగిందంతే. పెళ్లైన నాటి నుంచీ ఓటు కూడా అతను చెప్పిన గుర్తుకే వేసింది. అప్పుడు నొచ్చుకోని మనసు ఈ మాటకెందుకో నొచ్చుకుంది.

అతను ఆఫీసుకు పోయాక అంట్లు తోముతూ, బట్టలు మడతపెడుతూ ఫోన్లో వార్తలు వినడం మొదలుపెట్టింది. ఎవరు ఎవరిమీద బాంబులేశారో, ఏ సముద్రంలో ఓడలు ఆగిపోయాయో తెలుస్తుంటే లాల్‌దర్వాజా గల్లీ దాటి ఎక్కడికో వెళ్లొచ్చినట్టుండేది. ఒకరోజు అన్నాల దగ్గర నోరు విప్పితే, అత్త నాగమణమ్మ ముందే బాలకిషన్ నవ్వాడు. "ఇగో, మా ఇంట్లనే మంత్రి తయారైంది. పప్పుల ఉప్పెయ్యి ముందు."

ఆ వారంలోనే పార్టీ కండువాతో కార్యకర్త వర్షిత వచ్చింది, ఇల్లిల్లూ తిరుగుతూ. యుద్ధం గురించి చెప్తూ చెప్తూ ఆగి, "నువ్వేమంటవక్కా?" అంది. ఆ ఇంట్లో తననెవరూ ఆ మాట అడగలేదు. తనూజ చెప్పింది. వర్షిత చివరిదాకా విన్నది.

"ఇంత తెలిసినదానివి, నీ అరుగు మీద ఎవర్ని కూసోబెట్టుకున్నవో చూస్కోవా అక్కా? ఆ యుద్ధం గూడ గిట్లనే, పక్కన కూసోబెట్టుకున్నోళ్లతోనే షురువైంది."

అరుగు మీద మిషను పెట్టుకుని గల్లీ ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టేది షౌకత్ బీ.

ఆ రాత్రి తనూజ చెప్తే వర్షిత మాటలు బాలకిషన్‌కు అంటుకోలేదు. "గిసొంటివి మస్తు విన్న," అని చానల్ మార్చాడు. నాగమణమ్మకూ అంటుకోలేదు. "ఆ దేశమేందో నాకెరుకలేదు. నా కాలిరిగితే తానం పోసింది షౌకత్ బీ." అంటుకున్నది తనూజకే. వార్తల్లో విన్న పేర్లన్నీ ఒక్కొక్కటే వచ్చి ఆ మిషను పక్కన నిలబడేవి. చివరికి తనే వెళ్లి, "రేపటి సంది ఈడ వద్దు, షౌకత్ బీ," అంది. ఆమె మిషను ఆపింది. సగం కుట్టిన జాకెట్టు మడిచి తనూజ చేతికిచ్చింది. కూతురు అలీనాతో మిషను ఆటోలో పెట్టించుకుని గల్లీనే విడిచి బార్కస్‌లోని ఆ కూతురి ఇంటికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత మిట్టమధ్యాహ్నాలు మిషను తిరిగిన చప్పుడయ్యేది. వెళ్లి చూస్తే ఖాళీ అరుగు. వార్తలు పెడితే, కూలిన ఇళ్లలోంచి బయటికొచ్చే ప్రతి ఆడమనిషీ సగం కుట్టిన బట్ట ఏదో మడుస్తున్నట్టే కనిపించేది. ఫోను బోర్లా పెట్టేసేది.

వర్షిత మళ్లీ వచ్చింది. "మీటింగుల నువ్వే మాట్లాడాలక్కా. ఆమెను ఎట్ల ఎల్లగొట్టినవో చెప్పు."

"ఏం మాట్లాడాల్నో నువ్వే చెప్తున్నవ్ గదా," అంది తనూజ. "నేనేమంటనో ఈసారి అడగలే. నేను రాను."

ఆ పూట వంట చేయకుండానే బార్కస్‌కు బయల్దేరింది. అలీనా తలుపు తీసి లోపలికి పోయింది. షౌకత్ బీ గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"తప్పైంది షౌకత్ బీ. మళ్ల రా. భయపడ్డ నేను."

"ఎవర్ని చూసి?"

"నిన్నే."

షౌకత్ బీ తలుపు రెక్క మీద చెయ్యేసింది.

"ఆ గల్లీల ముసల్దాన్నైన బేటీ, ఎన్నడు ఎవ్వర్ని చూసి డర్ గాలే. ఇప్పుడు నువ్వొచ్చి తలుపు కొడితే డర్ అయింది."