రాసిచ్చిన సంవత్సరం

గడిచిన ఏడాదిలో నేత్ర ఏమేం సాధించిందో రాసిన కాగితం శుక్రవారం సాయంత్రం నేత్ర చేతికే అందింది. రాసింది ఆమె చదువుకున్న కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే సవిత మేడమ్. ఇంగ్లీషులో ఒకటిన్నర పేజీ. ఆ కాగితంలోని నేత్ర బెంగళూరులో మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తోంది. వచ్చే ఏడు ఎమ్మెస్సీలో చేరుతుంది, ఆ తర్వాత పరిశోధన చేస్తుంది, ఆపైన పల్లెటూరి ఆడపిల్లలందరికీ దారి చూపిస్తుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

అసలు నేత్ర బళ్లారిలో ఒక జీన్స్ యూనిట్లో ప్యాంట్లకు మిగిలిపోయిన దారాలు కత్తిరిస్తోంది. బీఎస్సీ పాసై సరిగ్గా ఏడాది. మొదటి మూడు నెలలూ అప్లికేషన్లు పెట్టింది. ఆ తర్వాత రెండు నెలలు జవాబుల కోసం ఫోను చూసుకుంది. ఆరో నెలలో తల్లి సుంకలమ్మకు ఓపిక నశించింది. "చదవేస్తే ఉన్న మతి పోయినట్ల, ఎన్నాళ్లే ఆ ఫోను మొగం చూస్కుంటా కూకునేది? సాకు, ఇంక చాలు, నా జతలో రా" అని తను పనిచేసే యూనిట్‌కే పిలుచుకుపోయింది. అప్పట్నుంచి చేతిలో కత్తెర, ముక్కులో రంగునీళ్ల వాసన, గోళ్లలో నీలం. తల్లి పక్కన కూచుని తల్లి చేసే పనే చేయడానికి మూడేళ్లు రసాయనశాస్త్రం ఎందుకు చదివినట్టో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. కొన్నాళ్లకు తనను తాను అడుక్కోవడం కూడా మానేసింది.

వచ్చే ఏడాదికి ఆమె పెట్టుకున్న లక్ష్యం మాత్రం ఒక్కటే. ఆ కత్తెర కింద పెట్టాలి. కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్ పోస్టు ఖాళీ అయిందని తెలిసి నాలుగు నెలలుగా సవిత మేడమ్ చుట్టూ తిరుగుతోంది. ఈలోగా కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తోందని కబురొచ్చింది. పాత విద్యార్థులు వాళ్ల ముందు నిలబడి, గడిచిన ఏడాది గురించీ ముందున్న లక్ష్యాల గురించీ మాట్లాడాలట.

"తప్పుల్లేకుండా చదివెయ్. ప్రిన్సిపాల్ సార్ కంట్లో పడ్తావు. మీటింగు అయినాక, ఆమేల పోస్టు సంగతి నేను చూస్కుంటా" అంది మేడమ్.

తన ఊరు కప్పగల్లు చేరేలోపు బస్సులోనే నేత్ర సగం కాగితం బట్టీ పట్టేసింది. అబద్ధం కదా అని కాసేపు మనసు పీకింది. నిజం ఏడాదిగా తనకేం ఒరగబెట్టిందిలే అనుకుంది.

తల్లిదండ్రుల్లో ఒకరిని వెంటబెట్టుకు రమ్మన్నారు. తండ్రి గాదిలింగప్ప మార్కెట్లో మిరపకాయల మూటలు మోసే హమాలీ. ఆ శనివారం పని మానుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బస్సులో ఎదురైన ప్రతివాడికీ "మా పాప మీటింగులో మాట్లాడ్తాది, కాలేజీలో నౌకరీ కూడా వచ్చేట్ల ఉండాది" అని చెప్పుకుంటూ వచ్చాడు. కాగితంలో ఏముందో నేత్ర ఆయనకు చెప్పలేదు. ఆయనకు ఇంగ్లీషు రాదు. రాకపోవడమే మేలనుకుంది.

సభలో నేత్ర గడగడా చదివేసింది. ఒక్క మాట కూడా తడబడలేదు. చప్పట్లు పడ్డాయి. అందరూ ఆపేశాక కూడా గాదిలింగప్ప కొడుతూనే ఉన్నాడు. కమిటీలో ఒకావిడ కర్నూలు వైపు మనిషి. ఆ చప్పట్లు చూసి నవ్వి తెలుగులోకి దిగింది.

"మీరు ఈ అమ్మాయి నాన్నగారా? మీరూ రెండు మాటలు చెప్పండి."

ఎవరో మైకు అందించారు. గాదిలింగప్ప లేచి దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"నమస్కారమమ్మా. నాకు చదువు లేదు. మా పాప శానా కష్టపడ్తాదమ్మా. జీన్స్ యూనిట్లో చేరి ఏడాదన్నా కాలేదు, దారాలు కత్తిరించేదాంట్లో వాళ్లమ్మనే దాటేసింది. వచ్చే నెల నుంచి చెకింగుకు ఏస్తానని ఓనరే చెప్పినాడు. మీరంతా చదువు చెప్పినందుకే దానికంత చురుకు. మీ కాలేజీ సల్లగుండాల."

వెనక బెంచీల్లో పిల్లలు పగలబడి నవ్వారు. కమిటీ ఆవిడ నవ్వలేదు, ముందున్న ఫైల్లో ఏదో రాసుకుంది. ప్రిన్సిపాల్ నేత్రవైపు చూసిన చూపు మాత్రం చాలాకాలం గుర్తుండే చూపు. తన మాటలు నచ్చాయనుకుని గాదిలింగప్ప కూడా అందరితో కలిసి నవ్వాడు.

సభ ముగియగానే నేత్ర ల్యాబుకు పరిగెత్తింది. మేడమ్ కాళ్లావేళ్లా పడైనా పోస్టు దక్కించుకోవాలి. ల్యాబులో తెల్లకోటు వేసుకుని హారతి సీసాలకు చీటీలు అంటిస్తోంది. హారతి తన క్లాస్‌మేటే. లారీల చక్రధర్ కూతురు. చక్రధర్ ఈ కాలేజీ ట్రస్టులో సభ్యుడు.

"దానికి ఆర్డరు ఒకటో తేదీనే వచ్చిందమ్మా" అంది సవిత మేడమ్, మొహం తిప్పుకుని. ఆవేళ ఇరవై మూడు.

"మరి నన్నెందుకు పిలిచినారు మేడమ్?"

"కూలోళ్ల ఇంట్లోనుంచి పైకొచ్చిన బిడ్డ ఒకరుంటే బాగుంటాదన్నారు సార్. హారతిని నిలబెడితే ఎవరు నమ్ముతారు?"

గోరుచుట్టు మీద రోకటిపోటు. నేత్రకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండింది.

బయట సైకిల్ స్టాండు నీడలో గాదిలింగప్ప, కాలేజీవాళ్లిచ్చిన చిత్రాన్నం పొట్లం విప్పకుండా పట్టుకుని కూతురి కోసం నిలబడి ఉన్నాడు.

"ఏమ్మా, బాగ మాట్లాడినానా?" అన్నాడు. తర్వాత ఆమె మొహం చూశాడు. "ఏమైందమ్మా?"

చెప్పాల్సింది హారతి సంగతి. తిట్టాల్సింది చక్రధర్‌ని, ప్రిన్సిపాల్‌ని, కాగితం రాసిచ్చిన మేడమ్‌ని. వాళ్లెవరూ నేత్ర నోటికి అందేవాళ్లు కాదు. నీరు పల్లమెరుగు అంటారు, కోపమూ అంతే.

"నీ నోటివల్లే పోయింది నాయినా ఆ పోస్టు. జీన్స్ సంగతి నిన్నెవరు చెప్పమన్నారు?"

గాదిలింగప్ప మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. పోయే దారి తెలియక అక్కడే ఉండిపోయింది.

"చెప్పగూడదని నాకు తెలీదే పాపా. నిజంగానే నావల్లేనా?"

"నీవల్లే" అంది నేత్ర. ఉదయం నుంచి ఆమె చెప్పిన అబద్ధాల్లో తన సొంతం ఇదొక్కటే.

ఆయన పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. టవలు భుజం మీదనుంచి తీసి నడుముకు చుట్టుకున్నాడు.

"యాడికి?"

"సారు కాళ్లు పట్టుకుంటా. చదువు లేనోడు తెలీక వాగినాడని చెప్తా. నీ మింద కోపం పెట్టుకోగూడదు కదా."

ఆపడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నేత్ర గొంతుదాకా వచ్చింది. అది బయటికొస్తే, ఆయన వెనక్కి తిరిగి తన మొహం చూస్తాడు. ఆ చూపుకు భయపడి దాన్ని మింగేసింది.

గాదిలింగప్ప వరండా మెట్ల కింద చెప్పులు విడిచాడు. లోపల కమిటీవాళ్లు టీ తాగుతున్నారని అటెండరు చెప్పాడు, బెంచీ మీద కూచోమన్నాడు. ఆయన కూచోలేదు. ప్రిన్సిపాల్ గది తలుపు పక్కన చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు.