చెల్లని అరపెన్నీ

ఐర్లండ్‌లోని కొనెమారా తీరంలో పడవవాళ్ల ముందు పంది మాట ఎత్తకూడదు. ఎత్తితే ఆ పూట వేట లేనట్టే. మరి అరపెన్నీ కాసు మీద ఉన్న బొమ్మ పిల్లలతో సహా పందే కదా! అందుకే నలభై ఏళ్లుగా ఆ ఊరి మగాళ్లు రేవుకు దిగేముందు జేబులు దులిపి, అరపెన్నీలను కిటికీ గూట్లో పెట్టి మరీ వెళ్లేవారు.

ఊనా మెట్ట ఊరి పిల్ల. పెళ్లయిన కొత్తలో రేవులో నిలబడి, పుట్టింట్లో పంది ఈనిందని సంబరంగా చెప్పింది. మూడు పడవలు కదలకుండా ఆగిపోయాయి. అప్పటినుంచి మరిది ఫేహీన్ ఆమెను ఏడిపించని రోజు లేదు. "వదినా, నోటికి తాళం వేసుకో. పడవ తీస్తున్నాం" అనేవాడు.

అది 1969 జులై. నెల దాటితే అరపెన్నీ చెల్లదని రేడియోలో చెప్పారు. అదే వారం మొగుడు మాక్‌డారా కోటుకు పై గుండీ ఊడింది. ఊనా గూట్లోంచి ఒక అరపెన్నీ తీసి, నల్లగుడ్డ చుట్టి, గుండీలా గట్టిగా కుట్టేసింది. చెల్లని కాసు ఎవరికి చేటు అనుకుని నవ్వుకుంది కూడా.

మర్నాడు అన్నదమ్ములిద్దరూ పడవెక్కాక, అత్త బైబీన్ గూడు తుడుస్తూ, ఒక అరపెన్నీ తక్కువ కనబడి చెయ్యి ఆపింది.

"ఆ గుండీలో ఏం పెట్టావే?"

"అట్టముక్క, అత్తయ్యా."

 కీడు తోస్తే ఇనుము ముట్టుకోవడం అక్కడి అలవాటు. అత్త పొయ్యి దగ్గరి పటకారు పట్టుకుని, వదలకుండా అలాగే కూర్చుంది.

ఊనా రేవుకు పరుగెత్తింది. పడవ ఇంకా కేకవేటు దూరంలోనే ఉంది. కానీ బయల్దేరిన పడవను వెనక్కి పిలవడం అంతకంటే కీడు. పిలిచినా, ఆ మాట ఎత్తకుండా ఏమని చెప్పాలి? తెరిచిన నోరు మూసుకుంది. నా మొగుడు క్షేమంగా వస్తే చాలు దేవుడా, ఇంకేమీ అడగనని మొక్కుకుంది.

మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడింది. సాయంత్రం పడవ వచ్చింది. తెడ్డు వేస్తున్నది మాక్‌డారా. ఒంటిమీద కోటు లేదు. ఊనా ముందు బతికాననుకుంది. ఆ తర్వాతే రెండో మనిషి కోసం వెతికింది.

"తమ్ముడు చలంటే నా కోటిచ్చానమ్మా" అన్నాడు రేవుకొచ్చిన తల్లితో. "కెరటం లాక్కుపోతుంటే కోటు పట్టుకున్నా. ఇదొక్కటే చేతిలో మిగిలింది."

పిడికిలి విప్పాడు. తడిగుడ్డ చిరిగి, పందీ దాని పిల్లలూ బయటపడి ఉన్నాయి. అతనూ అప్పుడే చూశాడు.

బైబీన్ కోడలి వైపు తిరిగింది.

"అట్టముక్క" అంది.